పంపించడం జరిగింది

ఆ శీతాకాలం మా నాన్న నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి ముందు చలి కాచుకుంటూ, నేను కాచిన సూపే తాగుతూ మాట్లాడలేదు. తప్పు నాది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుంది.

మా దేశంలో జనవరి నడివేసవి, జూన్ నుంచి చలికాలం. మే నెల మొదటి వారంలో కోర్టు నుంచి కవరు వచ్చింది. జనవరిలో స్కీన్ కొండ తగలబడినప్పుడు చనిపోయిన క్లెమ్ గురించి ఆగస్టులో మరణ విచారణ ఉంటుందట. ఆ రోజు మా విర్రబీన్ ఊరి అగ్నిమాపక దళానికి కెప్టెన్‌గా ఉన్న ఆల్బీ రెన్‌షా జరిగినదంతా తన మాటల్లో రాసి, సంతకం పెట్టి, జూన్ నెలాఖరులోగా పంపాలట. ఆల్బీ రెన్‌షా అంటే మా నాన్న. మా దళంలో జీతాలు తీసుకునేవాళ్ళెవరూ లేరు. ఆవుల్ని పెంచేవాళ్ళు, కంచెలు వేసేవాళ్ళు, బడి బస్సు నడిపే ఆవిడ, ఇంతే. సైరన్ మోగితే ఉన్న పని ఉన్నచోట వదిలేసి పసుపు కోట్లు తొడుక్కుని పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకి పంతొమ్మిదేళ్ళుగా నాన్నే పెద్ద. క్లెమ్ ఆయనకి చిన్ననాటి స్నేహితుడు, పక్క పొలంవాడు.

"నువ్వు చెప్తూ ఉండు నాన్నా, నేను కొట్టేస్తా," అన్నాను. నేను ఊరి బడి ఆఫీసులో పనిచేస్తాను. ఉత్తరాలు కొట్టడమే నా బతుకు.

"తన మాటల్లో అని రాశారు కదే నెరీ. ఆయన కూతురి మాటల్లో అని రాయలేదుగా," అన్నాడు నాన్న.

అలా అని మర్నాటి నుంచి పొద్దున్నే ఆవులకి గడ్డి వేసొచ్చి, చేతులు కడుక్కుని, వంటింటి బల్ల మీద నా లాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాడు. రెండు వేళ్ళతో, కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కొక్క అక్షరమే కొట్టేవాడు. రోజుకి నాలుగైదు వాక్యాలు. కొన్ని రోజులు ఒక్కటే.

రెండో రోజో మూడో రోజో వంటింట్లోంచి కేక వేశాడు.

"ఏవే! వీడెవడు?"

వెళ్ళి చూస్తే, తెల్ల కాగితం పక్కన రంగురంగుల బంతి ఒకటి మెల్లగా తిరుగుతోంది. దాని కింద 'ఈరోజు మీకేం రాసిపెట్టను?' అని ఉంది.

"సహాయకుడట నాన్నా. కృత్రిమ మేధ. కొత్తగా పెట్టారు."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఈ రాసే సాఫ్ట్‌వేర్‌కి ఏటా కడతాం కదా చందా, దాన్లో కలిపేశారు. కలిపినందుకు చందా కూడా పెంచారు."

నాన్న కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "అంటే పిలవని పేరంటానికి వచ్చి, వాడి భోజనం డబ్బులు మన దగ్గరే వసూలు చేస్తున్నాడన్నమాట."

"ఆపేస్తాలే," అన్నాను.

అనుకున్నంత తేలిక కాలేదు. ఎక్కడెక్కడో మూడు తలుపులు దాటి లోపలికి వెళ్తే ఒక చిన్న మీట కనిపించింది. నొక్కితే బంతి పోయింది. వారం తిరక్కుండా, కొత్త హంగులు వచ్చాయంటూ లాప్‌టాప్ తనంతట తానే ఆరి వెలిగాక, బంతి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి ఇంకో గుణం కూడా తెచ్చుకుంది. నాన్న ఒక మాట కొట్టగానే తరవాతి మాటలు బూడిదరంగు అక్షరాల్లో తానే పూరించడం మొదలుపెట్టింది. నాన్న 'గాలి' అని కొట్టాడు. దాని పక్కన 'చల్లగా వీస్తోంది' అని వచ్చింది.

"చల్లగానా!" నాన్న కుర్చీ వెనక్కి తోశాడు. "ఆ రోజు నలభై మూడు డిగ్రీలే! పిట్టలు చచ్చి రాలుతున్నాయి! వీడికి చల్లగాలి కావాలిట!"

తరవాత మందుల డబ్బాలోంచి గాయాలకి వేసే ప్లాస్టరు ఒకటి తీసి బంతి మీద అతికించాడు. "ఇప్పుడు చూడు నీ సోకు," అన్నాడు దానితో. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం. జనవరి తరవాత మా ఇంట్లో నవ్వు వినపడ్డం అదే మొదలు.

ఆదివారాలు మార్లీన్ ఆంటీ వచ్చేది. క్లెమ్ భార్య. నేను పుట్టినప్పటినుంచీ నాకు ఆంటీయే. ఆయన పోయాక కూడా రావడం మానలేదు. నిమ్మచెట్టు కాయలో, గుమ్మడికాయ సూపో తెచ్చి బల్ల మీద పెట్టి, నాన్నతో కంచెల గురించీ ఈనబోయే ఆవుల గురించీ మాట్లాడి వెళ్ళేది. క్లెమ్ మాట ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒక్కసారి మాత్రం, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "రాస్తున్నావట కదా ఆల్బీ," అంది.

"రాస్తున్నా."

"అంతా రాస్తావుగా?"

"అంతా రాస్తా."

ఆవిడ తలాడించి వెళ్ళిపోయింది.

జూన్ మూడోవారంలో రాయడం పూర్తయింది. మూడు పేజీలు. దళానికి బీమా సంస్థ పెట్టిన లాయరు వసిలాకిస్ అప్పటికి రెండుసార్లు ఫోను చేశాడు. "శుక్రవారం లోపల పంపండమ్మా. అక్షర దోషాలు దిద్దండి. ఏడుపులూ అవీ ఏమన్నా ఉంటే తగ్గించండి. జరిగింది జరిగినట్టు, క్లుప్తంగా ఉంటే చాలు," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చి ఆ మూడు పేజీలూ చదివాను.

ఆ రోజు ఏం జరిగిందో ఊళ్ళో అందరికీ పైపైన తెలుసు. సాయంత్రం అయిదింటికి గాలి మళ్ళుతుందని పొద్దున్నే చెప్పారు. నిప్పు కొండకి అవతలివైపు ఉంది. స్కీన్ ముసలాయన ఇంటి ముందు కారు నిలబడి ఉందని ఎవరో చెబితే, లోపల మనుషులున్నారేమో చూసి రమ్మని క్లెమ్‌ని పంపారు. క్లెమ్ తన పాత యూట్ ట్రక్కు వెనక నీళ్ళ ట్యాంకు కట్టుకుని కొండ దారిన వెళ్ళాడు. ఆ ఇంట్లో ఎవరూ లేరు. గాలి నాలుగింటికే మళ్ళి, నిప్పుని ఆ దారి మీదికి తోసింది. రెండో మలుపు దగ్గర కాలిపోయిన యూట్ దొరికింది.

ఎవరికీ తెలియనిది నాన్న రెండో పేజీలో రాశాడు. కొట్టినవి కొట్టినట్టే నాకు ఇప్పటికీ గుర్తు.

'మూడూ నలభైకి రేడియోలో విన్నాను. గాలి ముందే మళ్ళొచ్చు అని కంట్రోల్ రూము వాళ్ళు అన్నారు. విన్నాను అని తిరిగి చెప్పలేదు. అరగంట ఉందిలే అనుకున్నాను. తప్పుగా అనుకున్నాను. క్లెమ్‌ని నేను పంపాను. గాలి సంగతి వాడికి చెప్పలేదు. చెప్తే కంగారు పడతాడనుకున్నాను.'

దాని కింద బయల్దేరేముందు యూట్ దగ్గర క్లెమ్, నాన్న ఏమేం అనుకున్నారో ఉంది. అది చదువుతుంటే అక్షరాలు మసకబారాయి.

విన్నాను, అనుకున్నాను, పంపాను, చెప్పలేదు. ఏ వాక్యం చూసినా చివర మా నాన్న నిలబడి ఉన్నాడు, తప్పించుకోడానికి చోటు లేకుండా. ఆ రేడియో మాట ఆయన విన్నట్టు ఎక్కడా నమోదు కాలేదు. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే ఊరంతా ఏమంటుంది? పేపర్లు ఏం రాస్తాయి? అరవైతొమ్మిదేళ్ళ మనిషి. ఎండాకాలం నుంచీ సగం తిండే తింటున్నాడు.

ప్లాస్టరు అంచు ఊడి, దాని వెనక బంతి తిరుగుతూనే ఉంది. 'ఈ వాంగ్మూలాన్ని మరింత స్పష్టంగా, హుందాగా తిరగరాయమంటారా?' అని అడుగుతోంది.

నొక్కాను.

చెయ్యి జారి నొక్కానని ఎవరితోనైనా అనొచ్చు. కానీ కాదు. తెలిసే నొక్కాను.

పది సెకన్లు కూడా పట్టలేదు. మూడు పేజీలు ఒకటిన్నర అయ్యాయి. 'గాలి దిశలో మార్పునకు సంబంధించిన ముందస్తు సమాచారం అందుబాటులోకి రావడం జరిగింది. నివాస గృహ తనిఖీ నిమిత్తం ఒక వాహనాన్ని పంపించడం జరిగింది. అనంతరం దురదృష్టకర ఘటన చోటుచేసుకుంది.' క్లెమ్, నాన్న అనుకున్న మాటలు మాయమయ్యాయి. ఆఖర్న, నాన్న ఎక్కడా రాయని వాక్యం ఒకటి వచ్చి చేరింది. 'అప్పటి పరిస్థితులలో అన్ని నిర్ణయాలూ సముచితంగానే తీసుకోవడం జరిగింది.'

రెండుసార్లు చదివాను. అబద్ధం ఎక్కడుందా అని వెతికితే ఆ చివరి వాక్యం తప్ప వేలు పెట్టి చూపించడానికేమీ లేదు. అన్నీ జరిగాయి. చేసినవాడే లేడు. నా గుండెల మీంచి బరువు దిగిపోయినట్టయింది. ఇంతకాలం విసుక్కున్నదాని మీద ఆ నిమిషంలో నాకు కృతజ్ఞత కలిగింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ నిజం. ఆ చివరి వాక్యం కూడా తీసెయ్యకుండా అలాగే ఉంచి ప్రింటు తీశాను.

మర్నాడు పొద్దున్న నాన్న గేటు దగ్గర ట్రాక్టరుకి గడ్డిమోపు తగిలిస్తున్నాడు. కాగితాలు తీసుకెళ్ళాను.

"అక్షరాలు దిద్దావా?"

"దిద్దాను."

"మరీ ఎక్కువున్నాయా తప్పులు?"

"అంత లేవులే."

కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. చేతి తొడుగు పళ్ళతో లాగి తీసి, ట్రాక్టరు చక్రం మీద కాగితం ఆనించి, నేను వేలు పెట్టిన చోట సంతకం చేశాడు. "హమ్మయ్య," అన్నాడు. "నీకు బాగా శ్రమ ఇచ్చా."

బడికి వెళ్ళగానే స్కాన్ చేసి పంపేశాను. వసిలాకిస్ సాయంత్రమే ఫోను చేశాడు. "చాలా బాగుంది. ఇంత పద్ధతిగా రాసిన వాంగ్మూలం పల్లెటూళ్ళనించి నాకెప్పుడూ రాలేదు," అన్నాడు.

విచారణకి సంబంధించిన కాగితాలు చనిపోయినవాళ్ళ కుటుంబానికి కూడా పంపుతారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆలోచించలేదు, అంతే.

జులై రెండో ఆదివారం మార్లీన్ ఆంటీ వచ్చింది. చేతిలో సూపు గిన్నె లేదు. కోటు విప్పలేదు, కూర్చోలేదు. కాగితాలు తీసి నాన్న ముందు బల్ల మీద పెట్టింది.

"పంపించడం జరిగిందిట. ఎవరు పంపారు ఆల్బీ?"

నాన్న అర్థం కానట్టు చూశాడు.

"సమాచారం అందుబాటులోకి వచ్చిందిట. ఎవరికి వచ్చింది? నీకా, కంట్రోల్ రూముకా, చెట్టు మీద కాకులకా? మా ఆయన్ని వాహనం అన్నావు. వాహనాన్ని పంపించడం జరిగింది! లోపల మనిషి ఉన్నాడా, లేకపోతే అదే లేచి వెళ్ళిందా?"

"ఇటియ్యి," అన్నాడు నాన్న.

జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఒక్కొక్క వరుస కింద వేలు కదుపుతూ చదివాడు. పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. నేను గిన్నెల తొట్టి దగ్గర నిలబడి ఉన్నాను, చేతిలో తడి బట్టతో. ఆయన రెండో పేజీ తిప్పి, ఆ ఆఖరి వాక్యం దగ్గర వేలు ఆపాడు. తరవాత తలెత్తి ఒక్కసారి నా వైపు చూశాడు.

నేను తొట్టి వైపు తిరిగి గిన్నె తుడవసాగాను.

"నలభయ్యేళ్ళుగా వింటున్నాను నీ మాట," అంటోంది ఆంటీ. "వరద వచ్చినప్పుడు విన్నాను, మా అమ్మ పోయినప్పుడు విన్నాను. నువ్వు ఇలా మాట్లాడవు. అంతా రాస్తానన్నావు నాతో. నీ నోటితో అన్నావు. ఇది నువ్వేనా రాసింది?"

నాన్న కాగితాలు సరిచేసి ఆవిడ వైపు జరిపాడు.

"సంతకం నాదే మార్లీన్," అన్నాడు.

ఆంటీ కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. కారు గేటు దాటిన చప్పుడు వినపడ్డాక నాన్న లేచి, కోటు తీసుకుని, ఆవుల దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజునుంచి నాతో మాట్లాడలేదు.

తిట్టి ఉంటే బాగుండేది. నాన్న తిట్లు నాకు అలవాటే, వాన కురిసి వెలిసినట్టు పోతాయి. ఈ మౌనం అలాంటిది కాదు. తన టీ తనే పెట్టుకునేవాడు. నేను వడ్డిస్తే తినేవాడు. తిన్న కంచం కడిగి బోర్లించేవాడు. కట్టెలు కొట్టి నా గదివైపు పొయ్యికి కూడా తెచ్చి పెట్టేవాడు. నేను ఏమన్నా అడిగితే తలాడించేవాడు. ఒకసారి ఏడ్చాను కూడా, ఎదురుగా కూర్చుని. లేచి వెళ్ళి, చెయ్యి తుడుచుకునే తువ్వాలు తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

నాలుగో రోజు వసిలాకిస్‌కి ఫోను చేశాను.

"వాంగ్మూలం మార్చి పంపొచ్చా అండీ?"

"ఎందుకమ్మా? బంగారంలా ఉంది కదా. ఇప్పుడు రెండోది పంపితే మొదటిదాన్లో ఏదో దాచారని అనుమానిస్తారు."

"అది నాన్న రాయలేదండీ."

"ఆ మాట నేను వినలేదు," అన్నాడు. "మీరూ అనలేదు. ఆరోగ్యం జాగ్రత్త, చలి ఎక్కువగా ఉంది." పెట్టేశాడు.

ఆ కోపమంతా బంతి మీదికి మళ్ళింది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయ కేంద్రానికి రాశాను. నాకు ఇది వద్దు, నేను అడగలేదు, తీసెయ్యండి అని. క్షణంలో జవాబు వచ్చింది. అవతల ఉన్నది మనిషి కాదు, ఆ సహాయకుడే. 'మీ అసంతృప్తిని అర్థం చేసుకోగలను. మీ ఫిర్యాదును మరింత మర్యాదపూర్వకంగా రాసిపెట్టమంటారా?' అని అడిగింది. ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. చందా మొత్తం రద్దు చేసేశాను. రద్దు చేయడానికి గంటన్నర పట్టింది. చేశాక ఒరిగిందేమీ లేదు. బంతి పోయింది గానీ, దాన్ని నొక్కిన వేలు నా చేతికే ఉందిగా.

పదకొండో రోజు బడి అయ్యాక ఇంటికి వెళ్ళకుండా మార్లీన్ ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ పెరట్లో గొర్రెపిల్లకి సీసాతో పాలు పడుతోంది. గుమ్మంలోకి రమ్మనలేదు. అక్కడే, బురదలో నిలబడి చెప్పాను. నాన్న రాసింది వేరు, నేను మార్పించాను, ఆయన చదవకుండా సంతకం పెట్టాడు, నన్ను నమ్మి పెట్టాడు అని.

గొర్రెపిల్ల తాగడం అయ్యేదాకా ఆంటీ సీసా పట్టుకుని, అప్పుడు అడిగింది.

"మరి ఆ రోజు మీ నాన్న ఎందుకు చెప్పలేదు నాకు?"

"నా పేరు బయట పెట్టడం ఇష్టం లేక."

"ఓహో." ఖాళీ సీసా మూత బిగించింది. "నువ్వు మీ నాన్నని కాపాడావు. మీ నాన్న నిన్ను కాపాడాడు. బాగుంది. మధ్యలో మా క్లెమ్ ఎక్కడున్నాడే?"

ఆవిడ గొర్రెపిల్లని దొడ్లోకి తోసి గడియ పెట్టింది.

"నాకు ఎవర్నీ జైల్లో పెట్టించాలని లేదు. నువ్వేం అనుకున్నావో నాకు తెలీదు గానీ," అంది ఆంటీ. "ఆ రోజు పొద్దున్న మేం పోట్లాడుకున్నాం, దేని గురించో కూడా గుర్తులేదు. మా ఆయనతో చివరిసారి మాట్లాడింది మీ నాన్న. ఏమన్నాడు, ఎలా ఉన్నాడు, భయపడ్డాడా అని ఆర్నెల్లుగా అడుగుదామనుకుంటాను, ఆల్బీ మొహం చూసి అడగలేను. సర్లే, రాస్తున్నాడుగా, రాస్తే చదువుకుందాంలే అనుకున్నాను." "అది రాశాడా మీ నాన్న? నువ్వు తీసేశావా?" అని అడిగింది.

"రాశాడు ఆంటీ."

"చెప్పకు," అంది చటుక్కున. "నీ నోటితో వద్దు. ఆయన్నే చెప్పనీ."

ఇంటికి వచ్చేసరికి నాన్న పొయ్యి రాజేస్తున్నాడు. కోటైనా విప్పకుండా, "మార్లీన్ ఆంటీకి చెప్పేశా. నేనే చేశానని," అన్నాను.

ఆయన వంగి కట్టె సర్దుతూనే ఉన్నాడు. తరవాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"ఏమంది?"

ఆవిడ అన్నదంతా చెప్పాను. మధ్యలో క్లెమ్ ఎక్కడున్నాడన్న మాట కూడా. నాన్న ఆ మాట దగ్గర కళ్ళు మూసుకున్నాడు.

"సరే. టీ పెట్టు," అన్నాడు.

ఆగస్టు ఆఖరి వారంలో విచారణ. రెండు గంటల ప్రయాణం. నేనే కారు నడిపాను. మా అమ్మ అంత్యక్రియలకి వేసుకున్న కోటే వేసుకున్నాడు నాన్న. కోర్టు గది చిన్నది, బడి గదంత. దళం వాళ్ళు తొమ్మిది మంది వచ్చారు. మార్లీన్ ఆంటీ రెండో వరసలో, చెల్లెలి పక్కన కూర్చుంది. మా వైపు చూడలేదు.

విచారణ జరిపే అధికారిణి నెరిసిన జుట్టున్న సన్నపాటి ఆవిడ. ప్రశ్నలు అడిగే లాయరు వాంగ్మూలం కాపీ నాన్న చేతికిచ్చి, మామూలుగా అడిగే మాటే అడిగాడు.

"ఇది మీ వాంగ్మూలమేనా? ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"సంతకం నాది," అన్నాడు నాన్న. "మాటలు నావి కావు."

మా ముందు కూర్చున్న వసిలాకిస్ సగం లేచాడు. అధికారిణి చెయ్యెత్తి కూర్చోమంది.

"మరెవరివి మిస్టర్ రెన్‌షా?"

"కంప్యూటర్లో ఉండే సహాయకుడివండి. మేం తెచ్చుకున్నది కాదు, దానంతటదే వచ్చింది. చదవకుండా సంతకం పెట్టడం నా పొరపాటు."

"అంటే దానంతటదే మార్చేసిందంటారా?"

నాన్న అబద్ధం చెప్పనని అప్పుడే ప్రమాణం చేసి ఉన్నాడు. చూపు నా వైపు రాకుండా బల్లనే చూస్తున్నాడు. నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు, లేచేశాను.

"నేనండి. నేను మార్పించాను. వాళ్ళమ్మాయిని."

గదిలో అందరూ తిరిగి చూశారు. అధికారిణి, "మిమ్మల్ని తరవాత పిలుస్తాం, కూర్చోండి," అంది, కటువుగా కాదు. నాన్న అప్పుడు తలెత్తాడు.

"మా అమ్మాయి భయపడిందండి," అన్నాడు. "నేనూ భయపడ్డా. నేను రాయడానికి భయపడితే, అది పంపడానికి భయపడింది. అంతే తేడా."

"అయితే మీ మాటల్లో చెప్పండి," అంది ఆవిడ.

చెప్పాడు. మధ్యమధ్య దగ్గుతూ, ఒక్కోచోట వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంటూ. మూడూ నలభైకి విన్నానండి. తిరిగి చెప్పలేదండి. అరగంట ఉందనుకున్నా. లేదు. క్లెమ్‌ని నేనే పంపా. గాలి మాట వాడికి చెప్పలేదు. చెప్పుంటే వెళ్ళేవాడో మానేవాడో తెలీదు, కానీ తేల్చుకోవాల్సింది వాడు. ఆ అవకాశం వాడికి నేనివ్వలేదు.

దళం వాళ్ళలో ఒకాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు దూరందాకా వినపడింది. నాన్న ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు.

"వెళ్ళేముందు ఆయన మీతో ఏమన్నా అన్నారా?" లాయరు అడిగాడు.

"అన్నాడండి." నాన్న అధికారిణి వైపు కాక మొదటిసారి రెండో వరస వైపు తిరిగాడు. "యూట్ ఎక్కి, అద్దం దించి, 'ఒరే ఆల్బీ, ఈ చొక్కా మార్లీన్ నిన్ననే ఉతికిందిరా. మసి అయిందంటే నన్ను చంపుతుంది. నువ్వే పూశావని చెప్తా, చూస్కో' అన్నాడు. నవ్వుతున్నాడు. భయమేం లేదు మార్లీన్. నవ్వుతూనే వెళ్ళాడు."

మార్లీన్ ఆంటీ నోటి వెంట ఒక శబ్దం వచ్చింది. అందరం ఏడుపనుకున్నాం. నవ్వు. "ఆ చొక్కా గురించే పోట్లాడుకున్నాం," అంది చెల్లెలితో, గదంతా వినపడేలా. "ఆ చొక్కాయే!" ఆ తరవాత ఏడ్చింది.

నన్ను మధ్యాహ్నం పిలిచారు. జరిగింది చెప్పాను. నేను నొక్కాను, నేను ప్రింటు తీశాను, నేను అబద్ధం చెప్పాను అన్నాను.

తీర్పు నవంబరులో వచ్చింది. హెచ్చరిక విని కూడా పంపడం కెప్టెన్ పొరపాటని రాశారు. విన్నట్టు జవాబు రాకపోతే మళ్ళీ పిలవాలన్న నియమం కంట్రోల్ రూములో లేకపోవడం అంతకన్నా పెద్ద లోపమని కూడా రాశారు. కేసు ఏదీ పెట్టలేదు. నా గురించి రెండు వాక్యాలున్నాయి, చదవడానికి బాగుండవు. నాన్న అప్పటికే కెప్టెన్ పదవి వదులుకున్నాడు. షెడ్డు తాళాలు బడి బస్సు నడిపే ఆవిడకి ఇచ్చేశాడు. ఊళ్ళో కొందరు వచ్చి చెయ్యి కలిపారు. కొందరు ఇప్పటికీ దుకాణంలో ఆయన్ని చూసి అటు తిరిగి నిలబడతారు. సైరన్ మోగితే నాన్న కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుంటాడు. అది చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఆదివారాలు మార్లీన్ ఆంటీ రావడం లేదు. ఆవిడ కంచె పడిపోతే నాన్న వెళ్ళి నిలబెట్టొచ్చాడు. ఆవిడ బయటికి రాలేదట, కిటికీలోంచి చెయ్యూపిందట. అంతవరకే.

డిసెంబరు మొదటి వారంలో, పిల్లలంతా వెళ్ళిపోయాక, ఆవిడ బడి ఆఫీసుకి వచ్చింది. కోర్టువాళ్ళు ఆ రోజు మాట్లాడినవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి పంపారట. తన ప్రింటరు పాడైందట. అందులో ఒక పేజీ తీసిపెట్టమంది. ఏ పేజీయో నేను అడగలేదు.

నిలబడే చదువుకుంది. నాన్న ఆగిన చోటల్లా చుక్కలు పెట్టారు. ఒకచోట 'సాక్షి దగ్గారు' అని కూడా ఉంది. ఆవిడ దానిమీద వేలు పెట్టి, "ఆ దగ్గు ఇంకా తగ్గలేదా మీ నాన్నకి?" అని అడిగింది.

"పొద్దున్నపూట ఉంది ఆంటీ."

"ఇంకో కాపీ తియ్యి. ఆల్బీకి."

తీసి, మడవబోతూ, "నేను ఇంటికే వెళ్తున్నాగా, ఇచ్చేస్తాలే," అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుంది.

"వద్దు. నేనిస్తా," అంది. కారు తాళాలు తీసుకుని, మా ఇంటివైపు బయల్దేరింది.